సగం గడువు తిరగేత

మా మేనత్తను మార్కెట్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. "అడుగుబస్తా" అంటారు. ఎదురుగా ఉంటే చివర "అక్క" చేరుస్తారు, వెనకాల అదీ ఉండదు. బంగాళాదుంపలు కొనడానికి వెళ్తే అమ్మేవాడు పై వరసలో బస్తా విప్పి చూపిస్తాడు కదా, అత్త దానివైపు కన్నెత్తి కూడా చూడదు. "అట్టడుగుది తీయించు" అంటుంది. పైన పది వరసలున్నా, హమాలీలు మొహాలు మాడ్చుకున్నా, ఎండలో అరగంట నిలబడాల్సి వచ్చినా సరే, కింద బస్తా బయటికి రావాల్సిందే. వచ్చాక అందులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, మధ్యలోంచి ఒక దుంప లాగి, సంచిలో ఉండే చిన్న చాకుతో అడ్డంగా కోసి, వాసన చూస్తుంది. అప్పుడు గానీ ధర మాట ఎత్తదు.

నాకు ఆరేళ్లు నిండేలోపు మా అమ్మా నాన్నా ఏడాది తేడాతో పోయారు. నన్ను పెంచే బాధ్యత అత్తకిస్తూ కోర్టు ఒక కాగితం ఇచ్చింది. ఆ కాగితాన్ని అత్త ఇనప్పెట్టెలో పెట్టలేదు, బట్టల కింద దాచలేదు, అద్దం కట్టించి గోడకి కొట్టింది. దాని పక్కనే దుంపల ధరల పలక. మా ఇల్లంటే దుంపలు ఏరే షెడ్డు మీద రెండు గదులు. కిటికీ తీస్తే మట్టి వాసన, మూస్తే గోనెసంచుల వాసన. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు చిట్లించేవాళ్లు. నేను వాళ్ల జడలు లాగేదాన్ని. నాకు ముక్కు మీద కోపం, అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అత్త తప్ప అందరూ ఒప్పుకుంటారు.

అత్త వ్యాపారం చెప్పడానికి తేలికే. పంట దిగినప్పుడు దుంపలు కొంటుంది, కోల్డ్ స్టోరేజీలో అద్దెకి తీసుకున్న రెండు గదుల్లో ఆరేడు నెలలు దాస్తుంది, ధర పెరిగాక అమ్ముతుంది. చెయ్యడమే కష్టం. ఆ గదుల్లో చలి ఎముకలు కొరుకుతుంది. బయట ఎండలు మండుతుంటే అత్త మగవాళ్ల పాత ఉన్నికోటు చేతికి తగిలించుకుని రోడ్డు మీద నడుస్తూ ఉండేది. కొత్తవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. "ఈవిడకి మతి గానీ పోయిందా" అన్నవాళ్లూ ఉన్నారు. అత్త పట్టించుకునేది కాదు.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ ఒక అలవాటుంది. దాన్ని తిరగేత అంటారు. సరుకు లోపల పెట్టాక, ఎన్నాళ్లు దాచాలనుకుంటారో అందులో సరిగ్గా సగం గడువు దాటగానే బస్తాలన్నీ బయటికి తీయిస్తారు. కుమ్మరించి, మెత్తబడ్డవీ మొలకెత్తినవీ ఏరేసి, మిగిలినవి తిరగేసి నింపి, మళ్లీ లోపల పెట్టిస్తారు. యంత్రం బాగానే తిరుగుతోందని స్టోరేజీవాడు చెప్తాడు. రసీదు చేతిలో ఉంటుంది. అయినా సరే, కళ్లతో చూసుకోవాలి. మిగతావాళ్లు ఒక్కో ఏడాది బద్ధకించేవాళ్లు. అత్త ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా తప్పించలేదు. జ్వరంతో కూడా వెళ్లింది, నా పదో తరగతి పరీక్ష రోజు కూడా వెళ్లింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా చదువు ఈ తిరగేత దగ్గరే ఆగిపోయింది కాబట్టి.

ఇంజనీరింగ్ అయ్యాక వంతెనల మీద రెండేళ్ల పైచదువుకి విదేశంలో ఒక యూనివర్సిటీలో నాకు సీటొచ్చింది. ఫీజులో నాలుగో వంతు రాయితీ కూడా ఇస్తామన్నారు. ఆ ఉత్తరం పట్టుకుని నేను షెడ్డులో గెంతుతుంటే అత్త దుంపలు ఏరుతూనే, "ఎంతవుతుందట?" అంది. చెప్పాను. చేతిలో దుంప చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి, "సరే" అంది. అంతే. ఆ "సరే" వెనక ఏముందో తర్వాత తెలిసింది. ధర ఇంకా పెరుగుతుందని తెలిసి కూడా ఆ ఏడాది సరుకు నెలన్నర ముందే అమ్మేసింది.

డబ్బుంటే చాలదు, ఉన్నట్టు చూపించాలి. చెప్పుల దుకాణం పైన ఒకాయన విదేశీ చదువులకి ఫారాలు నింపిపెట్టే ఆఫీసు నడిపేవాడు. మేం ఆయన్ని ఫారాల సార్ అనేవాళ్లం. ఆయన నియమాలు పూస గుచ్చినట్టు చెప్పాడు. మొదటి ఏడాది ఫీజూ, ఉండటానికీ తినడానికీ అయ్యే ఖర్చూ కలిపి ఒక అంకె ఉంటుంది. ఆ అంకె తల్లిదండ్రుల ఖాతాలో గానీ, కోర్టు కాగితం ఉన్న పెంపకందారు ఖాతాలో గానీ వరసగా ముప్పై రోజులుండాలి. మధ్యలో ఏ సమయంలోనూ తగ్గకూడదు. ముప్పై రోజులు నిండాక బ్యాంకు కాగితం పంపాలి.

"మీ దగ్గర లేకపోయినా పర్లేదు మేడమ్" అన్నాడు అత్తతో, గొంతు తగ్గించి. "మావాళ్లున్నారు. ముప్పై రోజులకి మీ ఖాతాలో వేస్తారు, ముప్పై ఒకటో రోజు తీసేసుకుంటారు. కొంచెం చార్జీ ఉంటుంది. అందరూ చేసేదే."

"ఎవరి సరుకో నా గదిలో పెట్టుకుని నాదని చెప్పమంటావా?"

"అలా అనుకోకూడదు మేడమ్..."

"ఎలా అనుకోవాలో నువ్వు చెప్పక్కర్లేదు బాబూ. నా డబ్బు నా దగ్గరుంది. ఫారం నింపు" అంది అత్త.

మూడో తారీఖున డబ్బు బ్యాంకులో పడింది. ఇక ముప్పై రోజులు చేతులు కట్టుకుని కూర్చోవడమే పని. నేను గోడ మీద కేలెండర్‌లో రోజుకో గీత కొట్టాను. అత్త షెడ్డులో తన పని తాను చూసుకుంది. ముప్పై ఒకటో రోజు పొద్దున్నే నేనొక్కదాన్నే బ్యాంకుకి వెళ్లి కాగితం తీసుకున్నాను. కాగితాలు చేరడానికి ఇంకా అయిదు రోజులే గడువు. మెట్లు దిగుతూ చదివాను. చివరి మెట్టు మీద ఆగి మళ్లీ చదివాను.

పద్దెనిమిదో తారీఖున, అంటే పదహారో రోజున, మొత్తం డబ్బు తీసినట్టుంది. ఖాతాలో మిగిలిన నిల్వతో నాలుగు టీలు కూడా రావు. దాని కింద గీతలోనే, అదే తారీఖున, అదే మొత్తం మళ్లీ వేసినట్టుంది.

ఎవడో దొంగ చేసిన పనేమోనని లోపలికి పరిగెత్తాను. మేనేజరు నన్ను చూడగానే తల పట్టుకున్నాడు. "ఆ రోజు మా క్యాషియర్‌కి తల ప్రాణం తోకకొచ్చిందమ్మా" అన్నాడు. "మీ అత్తగారు పదకొండింటికి వచ్చి మొత్తం ఇమ్మన్నారు. ఏమైనా తేడా జరిగిందా అనడిగాను. ఏం లేదు, చూసుకోవాలి అన్నారు. నా గదిలోనే కూర్చోబెట్టాం. గంటన్నర సేపు కట్టలన్నీ విప్పి చూసి, చిరిగినవి పదకొండు నోట్లు ఏరి మార్పించుకుని, మళ్లీ కట్టేసి వెళ్లారు. టీ ఇస్తే కూడా తాగలేదు."

నేను ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలీదు. అత్త షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. కాగితం ఆమె ముందు పడేశాను.

"ఇదేంటత్తా?"

తీసుకుని చూసింది. "తిరగేత" అంది, పళ్లు తోముకున్నానని చెప్పినంత మామూలుగా. "ముప్పై రోజుల గడువన్నారుగా. పదిహేనో రోజు బ్యాంకుకి పండగ సెలవొచ్చింది. మర్నాడు వెళ్లాను. పదకొండు చెడినవున్నాయి. ఏరాను."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అరిచాను. ఏ సమయంలోనూ తగ్గకూడదని సార్ చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా అన్నాను. "తగ్గలేదుగా, ఒక్క నోటు కూడా తగ్గలేదు, లెక్క చూసే పెట్టాను" అంది. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు దుంపలు తప్ప ఇంకేం తెలుసు? నా బతుకు కూడా దుంపల బస్తానే అనుకున్నావు. గోనెలో కుక్కి చీకటి గదిలో పడేశావు" అనేశాను.

ఈ మాట ఇక్కడ రాయకపోయినా ఎవరికీ తెలీదు. కానీ అన్నాను. అత్త పీట మీంచి లేచి, చేతులు దులుపుకుని, బకెట్లో నీళ్లతో కడుక్కుంది. మోచేతుల దాకా, చాలాసేపు కడుక్కుంది. తర్వాత, "పద, ఆ సార్ దగ్గరికి వెళ్దాం" అంది.

ఫారాల సార్ కాగితం చూసి కంగారేమీ పడలేదు. పైగా హుషారొచ్చింది. "రెండే కదా గీతలు. మా కుర్రాడు ఆ రెండూ లేకుండా ఇలాంటి కాగితమే తెచ్చిపెడతాడు. ముద్ర కూడా అచ్చు ఇలాగే ఉంటుంది. వాళ్లు వేల కాగితాలు చూస్తారు, దీన్ని భూతద్దం పెట్టి చూస్తారా?"

నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. డబ్బు నిజంగా ఉంది, మాదే, ఎవర్నీ మోసం చెయ్యడం లేదు, రెండు గీతలు లేకపోతే ఏం మునిగిపోతుంది అనిపించింది. అత్త వైపు చూశాను. ఒక్కసారి తలూపితే చాలు.

అత్త నన్ను చూడలేదు. సార్‌ని చూస్తోంది. "అంటే చెడిన దుంపని అడుక్కి తోసి, పైన మంచివి పేర్చడమేగా?"

"అయ్యో, మేడమ్..."

"అట్టడుగు బస్తా తీయించేవాళ్లు అక్కడ ఒక్కళ్లైనా ఉండరా?"

సార్ కాగితం మడిచి మా వైపు తోశాడు. మెట్లు దిగుతుంటే నేను ఏడుస్తున్నాను. అత్త నా వెనకే దిగుతూ, "ఉన్నది ఉన్నట్టు రాద్దాం. నేను చెప్తా, నువ్వు రాయి" అంది.

ఆ ఉత్తరం నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. "అయ్యా, అమ్మా, నేను దుంపల వ్యాపారం చేసే మనిషిని" అని మొదలవుతుంది. తిరగేత అంటే ఏమిటో ఒక పేజీ. ఎందుకు చెయ్యాలో ఇంకో పేజీ. ఎంత వేడిలో దుంప మొలకెత్తుతుందో, ఎంత చలిలో తీపెక్కుతుందో కూడా రాయించింది. ఇది వాళ్లకెందుకత్తా అంటే, "తెలిస్తే వాళ్లకే మంచిది" అంది. చివర, "డబ్బు బ్యాంకు గడప దాటలేదు. పదకొండు నోట్లు మార్చాను. అమ్మాయికి ఈ సంగతి తెలీదు, తప్పు నాది" అని రాయించి వేలిముద్ర వేయబోయింది. సంతకం వచ్చు అత్తకి. అయినా ముఖ్యమైన వాటికి వేలిముద్రే గట్టిదని ఆమె నమ్మకం. నచ్చజెప్పి సంతకం పెట్టించాను. మేనేజరు కూడా పాపం ఒక కాగితం ఇచ్చాడు, డబ్బు తన గదిలోంచి బయటికి పోలేదని. ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చి, అన్నీ కలిపి గడువు లోపలే పంపేశాం.

తొమ్మిది రోజులకి జవాబొచ్చింది. నియమం సడలించడానికి వీల్లేదన్నారు. సీటు మాత్రం తీసెయ్యడం లేదు, అయిదు నెలల తర్వాత మొదలయ్యే విడతకి మారుస్తున్నామన్నారు. ముప్పై రోజులూ మళ్లీ మొదట్నుంచి. రాయితీ మాత్రం ఈ విడతతోనే సరి. చివర్లో ఎవరో అధికారి సొంతంగా ఒక వాక్యం చేర్చారు. ఈ ఉద్యోగంలో ఇన్నేళ్లలో డబ్బు ఎందుకు తీశారో ఇంత వివరంగా రాసినవాళ్లని చూడలేదనీ, ఉత్తరం ఆఫీసులో అందరూ చదివారనీ. అత్తకి ఆ వాక్యం చదివి వినిపిస్తే, "చదివితే చదివారు, పని మాత్రం చెయ్యలేదు" అంది.

రాయితీ పోయింది కాబట్టి చూపించాల్సిన అంకె పెరిగింది. అత్త రెండు రోజులు పద్దులు ముందేసుకుని లెక్కలు చూసుకుంది. మూడో రోజు కోల్డ్ స్టోరేజీ యజమాని దగ్గరికి వెళ్లి, రెండు గదుల్లో పెద్దది వదులుకుని, అడ్వాన్సు వెనక్కి తెచ్చుకుంది. ఆ గది కోసం మార్కెట్లో సగం మంది కాచుక్కూర్చున్నారని నాకు తెలుసు. ఒకసారి వదిలితే మళ్లీ రాదు.

"నాకీ చదువు వద్దత్తా" అన్నాను ఆ రాత్రి అన్నం దగ్గర. మనసులోంచే అన్నాను.

"పెద్దగదిలో చలి ఎక్కువ. నాకూ వయసొస్తోంది" అంది. అబద్ధమాడటం అత్తకి బొత్తిగా చేతకాదు. కంచంలోకి చూస్తూ అంది.

ఆ అయిదు నెలలు నేను షెడ్డులోనే పనిచేశాను. పద్దులు రాయడం కాదు, దుంపలు ఏరడం. వేలితో నొక్కి మెత్తదనం పట్టుకోవడం, పైకి నున్నగా ఉండి లోపల నల్లబడ్డదాన్ని బరువుని బట్టి పసిగట్టడం అప్పుడే వచ్చాయి. మిగిలిన చిన్నగదికి తిరగేత జరిగినప్పుడు నేనూ ఉన్నాను. ఎనభై బస్తాల్లో రెండు బుట్టల చెడ్డవి దొరికాయి. అవి అలాగే ఉండిపోతే నెల తిరిగేసరికి సగం సరుకు పోయేదని హమాలీ పెద్ద చెప్పాడు. అత్త ఆ బుట్టలు పక్కకి పెట్టించి ఇంకో బస్తా విప్పింది. నేను ఆమెతో అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

రెండోసారి డబ్బు బ్యాంకులో పడ్డ రోజునే మేనేజరు అత్తకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. "అమ్మా, ఈసారి ముట్టుకోకండి. మీకు చూడాలనిపిస్తే నన్ను పిలవండి, నేనే వచ్చి ఉందని చెప్తాను." అత్త తలూపింది. ఇంటికొచ్చాక మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పదో రోజు దాటాక తిండి తగ్గింది. పన్నెండో రోజు, "మధ్యలో ఆ యంత్రాలు చెడిపోవూ?" అంది. ఏ యంత్రాలంటే బ్యాంకువి అంది. ఇప్పుడంతా కంప్యూటర్లో ఉంటుందత్తా అన్నాను. "అదే, యంత్రమేగా" అంది.

పదహారో రోజు పొద్దున్నే అత్త తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, సంచీ తీసుకుంది. నేను గుమ్మానికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాను.

"ఎక్కడికి?"

"బ్యాంకుకి."

"అత్తా!"

"ముట్టుకోను. నువ్వూ రా."

ఇద్దరం నడిచి వెళ్లాం. మేనేజరు అద్దాల గదిలోంచి చూసి లేచి నిలబడ్డాడు. అత్త ఆయన వైపు వెళ్లలేదు. కౌంటర్ల ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది. సంచీ ఒళ్లో పెట్టుకుంది. క్యాషియర్ ఒక కంట మమ్మల్నే చూస్తూ మిగతావాళ్లకి డబ్బు లెక్కపెడుతున్నాడు. పావుగంట గడిచింది. అత్త మాట్లాడటం మొదలుపెట్టింది, నాతో కాదు, ఎదురుగా గోడతో మాట్లాడుతున్నట్టు.

"నాకు ఇరవై రెండేళ్లు. మీ నాన్నకి పంతొమ్మిది. ఇద్దరం కలిసి మొదటిసారి నూట నలభై బస్తాలు పెట్టాం. మా అమ్మ గాజులు అమ్మి పెట్టాం. సగం గడువులో తిరగేతకి వెళ్దామన్నాడు మీ నాన్న. దండగ కూలి ఎందుకురా, రసీదుందిగా అన్నాను నేను. నేనే అన్నాను. రెండో నెలలో యంత్రం తొమ్మిది రోజులు ఆగిపోయిందట. ఎవరూ చెప్పలేదు. ఆరో నెలలో రసీదు పట్టుకుని వెళ్తే తలుపు తియ్యకముందే వాసనొచ్చింది. మీ నాన్నకి కాలేజీలో సీటొచ్చి ఉంది అప్పటికి. ఆ బస్తాలు అమ్మి కట్టాలనుకున్నాం. వాడు వెళ్లలేదు. ఒక్క మాట కూడా అనలేదు నన్ను. అని ఉంటే బాగుండేది."

మా నాన్న లారీ తోలేవాడని తెలుసు నాకు. ఆయనకి కాలేజీలో సీటొచ్చిందని తెలీదు. పదహారేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచంలో తిన్నంతగా పెరిగి, నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అత్త చెయ్యి పట్టుకున్నాను. గరుకుగా, చల్లగా ఉంది. అత్త తన సంచీలోకి చూసుకుంటూ, "ఇప్పుడు ఈ గోడ వెనక ఏముందో నాకు తెలీదు. వాళ్లు ఉందంటున్నారు. నమ్ముతున్నా" అంది.

అలా నమ్మడానికి ఆమెకి ఎంత కష్టమైందో పక్కన కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. బ్యాంకు ఏసీ చల్లదనంలో కూడా ఆమె పై పెదవి మీద చెమట పట్టింది. గంటన్నర కూర్చున్నాం. పోయినసారి ఎంతసేపు చూసుకుందో సరిగ్గా అంతసేపు. తర్వాత అత్త లేచి, క్యాషియర్ దగ్గరికి వెళ్లి, "చిరిగినవి ఏమైనా ఉంటే నువ్వే ఏరెయ్యి నాయనా" అని చెప్పి బయటికి నడిచింది. ఆయన అలాగేనమ్మా అన్నాడు, పాపం ఏమనాలో తెలీక.

ముప్పై ఒకటో రోజు కాగితంలో ముప్పై రోజుల నిల్వలూ వరసగా ఉన్నాయి, అన్నీ ఒకటే అంకె. అత్త దాన్ని వెలుగులో పెట్టి చూసి, "ఒకటే అంకె ముప్పై సార్లు. దీన్ని చూసి వాళ్లకి ఏం తెలుస్తుందట?" అంది. వాళ్లకి కావలసింది తెలిసింది. పది రోజుల్లో అనుమతి వచ్చింది. నేను వెళ్లాను.

అక్కడి చదువు గురించి ఇక్కడ చెప్పను, అది నా కథ, అత్త కథ కాదు. వారానికోసారి ఫోన్ చేసేదాన్ని. ఒంట్లో బాగుందా అంటే ధరలు చెప్పేది. వీడియోలో చూడవచ్చత్తా అంటే, "అందులో మొహం నున్నగానే కనిపిస్తుంది, దానికేం" అనేది. పెద్దగది మళ్లీ దొరికిందా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మొదటి ఏడాది అయ్యాక మూడు వారాలు సెలవులొచ్చాయి. టికెట్టు డబ్బులు దండగని అక్కడే లైబ్రరీలో పనికి కుదిరాను. సెలవులకి నెల ముందు అత్త టికెట్టు పంపింది. రానూపోనూ కలిపి. ఆ డబ్బుతో ఎన్ని బస్తాలొస్తాయో నాకు తెలుసు. వెంటనే ఫోన్ చేసి కేకలేశాను. "ఎందుకత్తా ఇంత ఖర్చు? ఇంకో ఏడాదిలో ఎలాగూ వచ్చేస్తానుగా."

"రెండేళ్ల గడువు. ఏడాది అయింది" అంది అత్త.

లైబ్రరీ పని వద్దని మర్నాడే చెప్పేశాను.

విమానం దిగి బయటికొచ్చేసరికి అత్త కడ్డీల దగ్గర నిలబడి ఉంది. స్టోరేజీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఎండాకాలంలో చేతి మీద ఉన్నికోటు. నన్ను వాటేసుకోలేదు. చెయ్యి పట్టుకుని జనంలోంచి పక్కకి, స్తంభం దగ్గరికి, వెలుతురు బాగా పడేచోటికి లాక్కెళ్లింది. నా టోపీ తీసేసి జుట్టు చూసింది. చేతులు తిప్పి అరచేతులు చూసింది. మోచేతి పైన బొటనవేలితో నొక్కింది. కళ్ల కింద చూసింది. తర్వాత నా తల వంచి, నడినెత్తి మీద ముక్కు ఆనించి, గట్టిగా వాసన పీల్చింది.

"అత్తా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

చుట్టూ ఒకసారి తిప్పి మళ్లీ చూసింది. ఆమె మొహంలో ఏదో సడలింది.

"ఎక్కడా మెత్తబడలేదు" అంది. "మళ్లీ లోపల పెట్టొచ్చు."

అని నా పెట్టె అందుకుని ముందు నడిచింది. మూడు వారాలయ్యాక నన్ను అదే స్తంభం దగ్గర దిగబెట్టి వెళ్లింది. ఆ రెండుసార్లూ అత్త వెనక్కి తిరిగి చూడలేదు, ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. నేను మాత్రం దాచుకోకుండా, అందరి ముందూ ఏడ్చాను.